అట్లాంటా డౌన్‌టౌన్ ‘ముగ్గురు గవర్నర్ల’ వాకింగ్ టూర్: బాగా నవ్వించారు, అసలు సంగతి మింగేశారు

ముందే చెప్పేస్తా, 5కి 3. గైడ్ మంచి మాటకారి, టైముకి మొదలెట్టాడు, పెద్దవాళ్ళని చూసి నడక తగ్గించాడు, అదంతా బానే ఉంది. కానీ చెప్పిన కథలో గుండెకాయ లేదు, అందుకే రెండు స్టార్లు కోశా. కంపెనీ పేరు రాయట్లేదు, ఒక్క మనిషి సొంతంగా నడుపుకుంటున్న చిన్న వ్యాపారం, నా రివ్యూ వల్ల ఆయన పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. అయినా మనవాళ్ళకి పనికొచ్చేది కంపెనీ పేరు కాదు, అక్కడికెళ్తే ఏం చూడాలి, ఏం అడగాలి అన్నది.

మేముండేది అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో. ఇక్కడ అందరికీ తెలిసిందే, ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే అక్వేరియం, కోకాకోలా, స్టోన్ మౌంటెన్, రివర్‌డేల్ వెంకటేశ్వరస్వామి గుడి, అవయ్యాక ఇంక కాస్ట్కోనే. మా మావయ్యగారు గుంటూరులో ప్లీడరుగా చేసి రిటైరయ్యారు, ఆయనకి చేపలూ కొండలూ ఎక్కవు, “అమ్మాయ్, ఈ ఊళ్ళో కోర్టో అసెంబ్లీయో ఏదన్నా ఉంటే చూపించరాదూ” అన్నారు. వెతికితే ఇది దొరికింది. ఒక లాయరు కుర్రాడు గవర్నర్ ఎలా అయ్యాడు, ఒకే రాష్ట్రానికి ఒకేసారి ముగ్గురు గవర్నర్లు ఎలా తగలబడ్డారు అని పెట్టాడు హెడ్డింగు. మావయ్యగారికి ఇంకేం కావాలి, ముందురోజు రాత్రే షర్టు ఇస్త్రీ చేసి పెట్టుకున్నారు.

టూర్ మొదలయ్యేది జార్జియా స్టేట్ కాపిటల్, అంటే ఈ రాష్ట్రం అసెంబ్లీ బిల్డింగ్ బయట. బంగారు డోమ్ ఉన్న బిల్డింగ్, ఫ్రీవే మీద వెళ్తూ అందరం చూసేదే. 1889లో పూర్తయింది, మిలియన్ డాలర్ల బడ్జెట్ ఇస్తే పని అయ్యాక 118 డాలర్ల 43 సెంట్లు మిగిలాయని వెనక్కి కట్టారట. ఇది విని మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు, మన దగ్గర శంకుస్థాపన రాయికే అయిపోతుంది బడ్జెట్టు. ఆవరణలో యూజీన్ టాల్మడ్జ్ విగ్రహం ఉంది, ఎల్లిస్ ఆర్నాల్‌ది కూడా ఉంది. వీళ్ళిద్దరూ కథలో ముఖ్యం, అందుకే గైడ్ ఇక్కడి నుంచే ఎత్తుకున్నాడు.

కథ ఏంటంటే, యూజీన్ టాల్మడ్జ్ అప్పటికే మూడుసార్లు గవర్నర్‌గా (ఇక్కడ గవర్నరంటే జనం ఓటేసి ఎన్నుకునేవాడు, మన సీఎం లాంటివాడు) గెలిచినవాడు, ఎర్ర సస్పెండర్లు వేసుకుని పల్లెటూళ్ళ రైతుల్లో తిరిగే రకం. 1946లో నాలుగోసారి గెలిచాడు కానీ ఒళ్ళు బాలేదు. డిసెంబర్ 21న చచ్చిపోయాడు, జనవరిలో ప్రమాణం చేయాల్సింది. ఇక కుర్చీ ఎవరిది? పాత గవర్నర్ ఆర్నాల్, ఈయనా లాయరే, కొత్తవాడు సక్రమంగా వచ్చేదాకా నేను దిగనన్నాడు. ఎం.ఈ. థాంప్సన్ అని లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాత రెండోవాడిగా గెలిచినాయన, నాదే అన్నాడు. చచ్చిపోయినాయన కొడుకు హెర్మన్ టాల్మడ్జ్, 33 ఏళ్ళవాడు, 1936లో జార్జియా యూనివర్సిటీలో లా చదివి నాన్నతో కలిసి ప్రాక్టీస్ పెట్టి, యుద్ధంలో నేవీలో చేసొచ్చి, నాన్న ఎలక్షన్ పనంతా తనే చూసుకున్నవాడు, కాదు కాదు నాదీ అన్నాడు.

ఇక్కడ మావయ్యగారు గైడ్‌ని ఆపేశారు. తండ్రి చస్తే కొడుక్కి ఎలా వస్తుంది, ఇదేమన్నా పొలమా, ఏ సెక్షన్ కింద అడిగాడు అని. గైడ్ పాపం తడబడి “అసెంబ్లీ ఎన్నుకుంది” అనేసి ముందుకెళ్ళిపోయాడు. నాకైతే ఈ టూర్‌లో మొదటి మైనస్ ఇదే, ఎందుకంటే అసలు మజా అంతా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇంటికొచ్చాక మావయ్యగారూ నేనూ కూర్చుని చదివాం, క్లుప్తంగా చెప్తా. జార్జియాకి 1945లో కొత్త రాజ్యాంగం వచ్చింది, లెఫ్టినెంట్ గవర్నర్ పోస్టు పుట్టిందే అందులో. గవర్నర్ చస్తే అతను చూసుకుంటాడని రాశారు గానీ, గెలిచినవాడు ప్రమాణం చేయకముందే చస్తే ఏంటన్నది రాయలేదు. ఇంకోచోట మాత్రం, ఎవరికీ సగం కంటే ఎక్కువ ఓట్లు రాకపోతే ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరిలోంచి, వాళ్ళు బతికుంటే, అసెంబ్లీ ఒకర్ని ఎంచుకోవచ్చని ఉంది. టాల్మడ్జ్ మనుషులు ముసలాయన ఆరోగ్యం చూసి ఎలక్షన్‌కి ముందే ఈ లైను పట్టుకున్నారు. నవంబర్‌లో నమ్మకస్తులు కొంతమంది చేత బ్యాలెట్ మీద చేత్తో హెర్మన్ పేరు రాయించారు. ఆయన పోతే రెండో పేరు మనదే ఉండాలి అని లెక్క. మావయ్యగారు ఇది చదివి “వీడు ప్లీడరే” అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

తర్వాతది గైడ్ బాగా చెప్పాడు. ఓట్లు లెక్కపెడితే హెర్మన్ పేరు రాసినవాళ్ళు సరిపోలేదు, అంతకుముందు పార్టీ ప్రైమరీలో యూజీన్ మీద ఓడిపోయిన జేమ్స్ కార్మైకేల్‌కి 669, ఇంకొకాయనకి 637, హెర్మన్‌కి 617, అంటే మూడో ప్లేసు. అప్పుడు టెల్ఫేర్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నుంచి, అదే టాల్మడ్జ్‌ల సొంత కౌంటీ నుంచి, తప్పిపోయిన ఓట్లు 58 దొరికాయి. మొత్తం 675, ఫస్టు ప్లేసు! అట్లాంటా జర్నల్ రిపోర్టర్ జార్జ్ గుడ్విన్ అక్కడికెళ్ళి తవ్వితే ఆ లిస్టులో చచ్చినవాళ్ళు ఓటేశారు, ఊళ్ళోనే లేనివాళ్ళు ఓటేశారు, పైగా లైన్లో ఏ బీ సీ డీ వరసలో వచ్చి మరీ ఓటేశారు. ఆయనకి 1948లో పులిట్జర్ వచ్చింది దీనికి. దొంగ ఓట్లంటే మనకేం కొత్త కాదు గానీ, అక్షర క్రమంలో వేయడం మాత్రం మన దగ్గర కూడా చూళ్ళేదు.

లోపలికెళ్ళేటప్పుడు బ్యాగులు స్కానర్‌లో పెట్టాలి, ఎయిర్‌పోర్ట్ అంత కష్టం లేదు. రెండో అంతస్తులో డోమ్ కింద గుండ్రటి హాలు, పక్కనే గవర్నర్ ఆఫీసు. ఇక్కడ నిలబడి వింటే మాత్రం డబ్బులొచ్చేసినట్టే. 1947 జనవరి 15 తెల్లవారుజామున అసెంబ్లీ 161కి 87 ఓట్లతో హెర్మన్‌ని గవర్నర్ అంది. హెర్మన్ మనుషులు గుంపుగా కిందికొచ్చి ఆర్నాల్ ఆఫీసు తలుపులు బద్దలుకొట్టారు, కొట్టుకున్నారు, ఆర్నాల్ మాత్రం కదల్లేదు. ఆయన ఇంటికెళ్ళొచ్చేలోపు తాళాలు మార్చేశారు. గవర్నర్ గారి ఆఫీసుకే తాళం! ఏం చేస్తాడు, ఇదే హాల్లో విజిటర్లకి దారి చెప్పే ఇన్ఫర్మేషన్ కౌంటర్ దగ్గర కూర్చుని ఇదే నా ఆఫీసు అన్నాడు. ఆయన మీదకి టపాకాయ కూడా విసిరారట. 18న ఆర్నాల్ రాజీనామా చేసి పక్కకి తప్పుకుంటే థాంప్సన్ ప్రమాణం చేసి ఇంకోచోట ఆఫీసు తెరిచాడు. అలా మొత్తం మీద ఒక కుర్చీ, ముగ్గురు మనుషులు.

బెన్ ఫోర్ట్‌సన్ ముక్క వేరేగా చెప్పాలి. రాష్ట్రం సీల్, అంటే ప్రభుత్వ కాగితాల మీద వేసే ముద్ర, ఈయన దగ్గర ఉండేది, సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆయన. యాక్సిడెంట్‌లో కాళ్ళు చచ్చుబడి వీల్‌చెయిర్‌లో ఉండేవాడు. కోర్టు తేల్చేదాకా ఎవరికీ ఇవ్వనని ఆ సీల్‌ని వీల్‌చెయిర్ కుషన్ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. అందరూ సీల్ ఏదీ ఏదీ అని వెతుకుతుంటే ఈయన దాని మీద కూర్చునే మాట్లాడుతున్నాడు. గైడ్ ఇక్కడ వీల్‌చెయిర్‌లో కూర్చున్నట్టు నటించి చూపించాడు, మా చిన్నాడు నేల మీద పడి నవ్వాడు, అక్కడే డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ ఆవిడ కూడా నవ్వింది. మావయ్యగారైతే 1984 ఆగస్టు ఎత్తుకున్నారు, రామారావుగారిని దించి నాదెండ్ల భాస్కరరావుగారిని ఎక్కించిన నెలరోజులూ ఎమ్మెల్యేల్ని కర్ణాటకలో దాచుకోవాల్సొచ్చిందని, మనవాళ్ళకీ ఒక కుషన్ ఉంటే బాగుండేదని.

మార్చి 19న జార్జియా సుప్రీం కోర్టు 5కి 2తో థాంప్సన్ వైపు తీర్పిచ్చింది. మావయ్యగారికి నచ్చింది ఇక్కడ, కోర్టు ఆ 58 ఓట్ల జోలికే పోలేదు. యూజీన్‌కి మెజారిటీ వచ్చింది కదా, మరి ఎవరికీ మెజారిటీ రాలేదన్న పరిస్థితి ఎక్కడుంది, కాబట్టి ఎంచుకునే అధికారమే అసెంబ్లీకి లేదు, అయిపోయింది. హెర్మన్ మారు మాట్లాడకుండా ఖాళీ చేశాడు. గైడ్ ఇక్కడ చప్పట్లు కొట్టించి, వచ్చే ఏడాదే జనం ఓటేసి గెలిపించారు, చూశారా పట్టుదల అంటే అని ముగించేశాడు. నాకు కాలింది ఇక్కడే.

ఎందుకు గెలిపించారు? దేనికోసం ఇంత కొట్లాట? ముగ్గురు మగాళ్ళు కుర్చీ కోసం కొట్టుకున్నారు అంతేనా? 1946 ఎలక్షన్‌లో యూజీన్ పెద్ద హామీ ఏంటో తెలుసా, వైట్ ప్రైమరీ తిరిగి తెస్తా అని. ప్రైమరీ అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగు, అప్పట్లో జార్జియాలో డెమోక్రాట్ల ప్రైమరీ గెలిస్తే ఎలక్షన్ గెలిచినట్టే, ఆ ప్రైమరీలో నల్లవాళ్ళని ఓటెయ్యనిచ్చేవారు కాదు. కొలంబస్‌లో ప్రైమస్ కింగ్ అని ఒక మంగలి, చర్చిలో ప్రసంగాలు కూడా చేసేవాడు, 1944 జులై 4న ఓటెయ్యడానికెళ్తే బయటికి గెంటారు. ఆయన కేసేసి గెలిచాడు, దాంతో 1946లో తలుపు తెరుచుకుంది, లక్ష మంది పైన నల్లవాళ్ళు ఓటర్లుగా నమోదయ్యారు. టాల్మడ్జ్ ఆ తలుపు మూసేస్తానని తిరిగాడు. పైగా ఆ ప్రైమరీలో ఆయనకి ఎక్కువ ఓట్లు కూడా రాలేదు, ఎక్కువొచ్చింది కార్మైకేల్‌కే. పట్నం ఓటు కంటే పల్లె కౌంటీ ఓటుకి బరువెక్కువ ఇచ్చే కౌంటీ యూనిట్ పద్ధతి ఉండేది, దాంతో గెలిచాడు.

ఆ జులైలోనే టేలర్ కౌంటీలో మేసియో స్నైప్స్ అని యుద్ధం చేసొచ్చిన నల్ల సైనికుడు ప్రైమరీలో ఓటేశాడు. మర్నాడు ఇంటికొచ్చి కాల్చారు, రెండ్రోజులకి చచ్చిపోయాడు. ఇంకో వారానికి వాల్టన్ కౌంటీ మూర్స్ ఫోర్డ్ బ్రిడ్జి దగ్గర రెండు నల్ల జంటల్ని గుంపు కాల్చి చంపింది. మేముండే చోటి నుంచి వాల్టన్ కౌంటీ అంతా కలిపి గంట డ్రైవు, ఆ చుట్టుపక్కలే మనవాళ్ళు ఇళ్ళు కొంటున్నారు. ఇదేదీ టూర్‌లో లేదు. అడిగా నేను. పాత రాజకీయాలండీ, ఫ్యామిలీ టూర్ కదా అన్నాడు. చచ్చినవాళ్ళు ఓటేశారంటే ఫ్యామిలీలతో కలిసి నవ్వించొచ్చంట, ఓటేసినందుకు చచ్చినవాడి పేరు చెప్తే మాత్రం ఫ్యామిలీ టూర్ పాడైపోతుందంట.

హెర్మన్ నడిచింది కూడా తండ్రి దారిలోనే. 1948లో థాంప్సన్‌ని ఓడించి వచ్చి, 1955 దాకా గవర్నర్. స్కూళ్ళ కోసమని 1951లో 3 శాతం సేల్స్ ట్యాక్స్ తెచ్చాడు, స్కూళ్ళకి నిజంగా డబ్బొచ్చింది, అది కాదనను. కానీ నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరే వేరే స్కూళ్ళలో పెట్టడం చెల్లదన్న 1954 అమెరికా సుప్రీం కోర్టు తీర్పుకి అడ్డంపడ్డదీ ఆయనే. తర్వాత 1957 నుంచి 24 ఏళ్ళు సెనేటర్, ప్రెసిడెంట్ నిక్సన్ కాలపు వాటర్‌గేట్ కుంభకోణాన్ని విచారించిన కమిటీలో కూడా కూర్చున్నాడు, 1979లో డబ్బు లెక్కల విషయంలో సెనేటే ఆయన్ని తప్పుబట్టింది, 1980లో ఓడిపోయాడు. ఒక లాయరు ఎదిగిన కథ అని హెడ్డింగు పెట్టినప్పుడు ఇదంతా చెప్పాలి కదా.

అదే ఊళ్ళో ఇంకో లాయర్ ఉన్నాడు, ఏ.టి. వాల్డెన్, నల్లాయన, అదే రోజుల్లో నల్లవాళ్ళని ఓటర్లుగా చేర్పించడానికి ముందు నిలబడ్డవాడు. నల్లవాళ్ళ చరిత్రకి పేరుపడ్డ ఆబర్న్ అవెన్యూ కాపిటల్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే, టూర్‌ని అటు ఒక ముప్పావు గంట తిప్పితే నేనే 5 ఇచ్చేదాన్ని.

అయితే వెళ్ళొద్దా అంటే, వెళ్ళండి. పిల్లలు ఎనిమిదో క్లాసు జార్జియా స్టడీస్‌లో ఉంటే ఇంకా మంచిది, ఈ ముగ్గురు గవర్నర్ల పాఠం వాళ్ళకి ఉంటుంది. డబ్బులెందుకనుకుంటే టూర్ లేకుండా మీరే వెళ్ళొచ్చు, కాపిటల్ లోపలికి ఫ్రీ, వీక్‌డేస్‌లోనే. నాలుగో అంతస్తులో మ్యూజియం ఉంది, రెండు తలల దూడ, రెండు తలల పాము పెట్టారు, మా చిన్నాడికి గవర్నర్ల కంటే అదే గుర్తుండిపోయింది. జనవరి నుంచి సభలు నడిచే టైములో వెళ్తే పై గ్యాలరీ నుంచి చూడొచ్చు గానీ జనం బాగా ఉంటారు. కారు వేసుకెళ్ళకండి, పార్కింగ్‌కే దండగ, నార్త్ స్ప్రింగ్స్‌ స్టేషన్లో పెట్టేసి మార్టా రైలు ఎక్కి ఫైవ్ పాయింట్స్‌లో మారి జార్జియా స్టేట్ స్టేషన్లో దిగితే దగ్గరే. లోపల నేలంతా పాలరాయి, పెద్దవాళ్ళకి జారని చెప్పులు వేయించండి, కూర్చోడానికి బల్లలు తక్కువ. టికెట్‌లో పిల్లల రేటు పన్నెండేళ్ళ లోపే, మా పెద్దదానికి ఫుల్ టికెట్ పడింది, బుక్ చేసేటప్పుడు చూసుకోండి.