మాస్టొడాన్: యజమాని లేని ఊరి కట్టుబాట్లు

మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమంలో కొన్నాళ్లు తిరిగి వెళ్లిపోయిన నా మిత్రులు దానిని జనం లేని ట్విట్టర్ అంటారు. మూడేళ్లుగా రోజూ వాడుతున్న నేను ఆ మాటను ఒప్పుకోలేను. ఇక్కడ గమనించవలసింది ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఉన్నవారు ఏ కట్టుబాట్లను నిలుపుకుంటున్నారన్నది.

జర్మనీలో యూజెన్ రోచ్కో 2016లో మొదలుపెట్టిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌తో, ఎవరైనా సభ్యులను చేర్చుకునే సొంత సర్వర్ నడుపుకోవచ్చు. ప్రతి సర్వర్‌కూ వేరే నిర్వాహకులు, వేరే నియమాలు ఉన్నా, యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రమాణం వల్ల ఒకచోటి సభ్యులు మరోచోటి వారితో మాట్లాడుకోగలరు. ప్రకటనలు లేవు, మనం అనుసరించేవారి పోస్టులు కాలక్రమంలోనే వస్తాయి.

నన్ను ఇక్కడ నిలిపింది మాత్రం మర్యాద. ఫోటో పెట్టేవారు, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేలా అందులో ఏముందో రాయడం ఇక్కడ ఆచారం; వివరణ లేని చిత్రం ఎంత బాగున్నా దానిని బూస్ట్ చేయనివారు, అంటే తమ అనుచరులకు పంచనివారు, నాకు చాలామంది తెలుసు. హింస గురించి రాయవలసి వస్తే ముందు హెచ్చరిక ఉంచి, అసలు విషయాన్ని దాని వెనుక దాస్తారు. నా మొదటి ఫోటోకు ఒక అపరిచితుడు తానే వివరణ రాసి జవాబుగా పంపాడు, మందలింపు ఒక్కటీ లేకుండా. అప్పటి నుంచి వివరణ లేకుండా నేను ఏ చిత్రమూ పెట్టలేదు.

ఈ మర్యాదకు గట్టిదనమూ ఉంది. విద్వేష ప్రసంగాలకు పేరుపడిన గ్యాబ్ అనే సామాజిక మాధ్యమం 2019లో ఇదే సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు, లైసెన్సు ప్రకారం దానిని ఆపే వీలు ఎవరికీ లేకపోయినా, అనేక సర్వర్ల నిర్వాహకులు ఎవరికి వారే దానితో సంబంధం తెంచుకున్నారు. పైనుంచి ఆదేశం ఇచ్చే కార్యాలయమేదీ లేకుండానే అది జరిగింది.

లోపాలు చిన్నవి కావు. నేను మొదట చేరిన సర్వర్ మూతపడినప్పుడు నా అనుచరులు కొత్త ఖాతాకు వచ్చారు గానీ, పాత పోస్టులు రాలేదు. అందులో రెండేళ్ల రాతలున్నాయి. అనుమతించినవారి పోస్టులనే వెతుకులాటలో చూపడం గోప్యతకు మంచిదే అయినా, దానివల్ల తెలుగులో రాసేవారిని కనుగొనడం కష్టం. ట్విట్టర్ మీద కోపంతో 2019 నవంబరులో భారతీయులు పెద్దసంఖ్యలో వచ్చినా, ఇప్పటికీ నా టైమ్‌లైన్‌లో తెలుగు పోస్టులు అరుదే.

చేరదలచినవారు సర్వర్ నియమాల పేజీని పూర్తిగా చదవాలి. మాస్టొడాన్ అధికారిక జాబితాలో చోటు కావాలంటే, మూసివేసే ముందు సభ్యులకు కనీసం మూడు నెలల గడువు ఇస్తామని, రోజూ బ్యాకప్ తీస్తామని ఆ సర్వర్ మాట ఇవ్వాలి. నేను రెండోసారి ఆ జాబితా నుంచే ఎంచుకున్నాను. ఖర్చు చందాలతో నడుస్తుంది కనుక, నెలనెలా నా వంతు పంపుతున్నాను.