పావుకేజీ ఈకలతో గ్రేసన్ హైలాండ్స్: రెండు క్యాంపులు, ఒక మోటెల్, నేను కుట్టిన బొంత

ముందే చెప్పేస్తున్నా, గ్రేసన్ హైలాండ్స్ అంటే కొండ మీద తిరిగే పొట్టి గుర్రాలకి పేరున్న పార్క్, కానీ ఇది ఆ గుర్రాల ఫోటోల కోసం వెళ్ళిన ట్రిప్ కాదు. నేను కుట్టిన బొంత చలికి ఆగుతుందా లేదా చూసుకోడానికి వెళ్ళాను. మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినా షార్లెట్‌లో. నాకు నడుం ప్రాబ్లం, టెంట్‌లో నేల మీద పడుకుంటే పొద్దున లేవడానికి ఇద్దరు కావాలి, అందుకే మూడేళ్ళుగా క్యాంపుకెళ్తే హామక్‌లోనే, అంటే రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాలలోనే, పడుకుంటున్నా. హామక్‌తో వచ్చిన తంటా ఏంటంటే చలి కింద నుంచి కొడుతుంది. ఎంత మంచి స్లీపింగ్ బ్యాగ్ అయినా మన బరువు కింద నలిగిపోయి అందులో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. అందుకే హామక్ బయట, కింద వైపున ఒక బొంత వేలాడదీస్తారు, అండర్‌క్విల్ట్ అంటారు. కొనాలంటే రెండొందల యాభై, మూడొందల డాలర్లు. ఇంట్లో మిషన్ ఉంది, అప్పుడే అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది, ఇంక కొనడం ఎందుకని దిగాను.

బొంతలో ఎంత డౌన్ (బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు) వెయ్యాలి అన్నదే అసలు ప్రశ్న. లెక్క చూడ్డానికి చాలా తేలిక. నా బొంత 72 అంగుళాల పొడుగు, 44 వెడల్పు, 2 అంగుళాల మందం అనుకున్నా. గుణిస్తే 6336 క్యూబిక్ అంగుళాలు. 800 ఫిల్ పవర్ అంటే ఒక ఔన్స్ డౌన్ 800 క్యూబిక్ అంగుళాలు ఉబ్బుతుందని, అంటే భాగిస్తే దాదాపు 8 ఔన్సులు, 225 గ్రాములు. వంటింటి కాటా మీద తూచి పెడితే అమ్మ చూసి "పావుకేజీ కూడా లేదు, దీనికా ఇంత హడావిడి, మన పరుపుకి బూరుగు దూది కేజీలకి కేజీలు పట్టేది" అంది. నేను లెక్క చూపించా. అమ్మ లెక్క వినలేదు గానీ ఒక మాటంది, "దిండు గలీబులో ఎప్పుడూ సరిపడా దూది పెట్టకూడదు, ఎక్కువ కూరాలి, వారం తిరిగేసరికి అదే దిగుతుంది" అని. ఇది దూది కాదమ్మా బాతు డౌన్, దిగదు అన్నా. మళ్ళీ ఆ మాటే తిరిగొచ్చింది, కింద చెప్తా.

నింపడం బాత్రూంలో, ఫ్యాన్ ఆపేసి తలుపేసుకుని. బొంతలో ఎనిమిది గదులు, పొడుగ్గా, మధ్యలో దోమతెర లాంటి సన్న జాలీతో గోడలు, ఒక్కో గదికి 28 గ్రాములు. గిఫ్ట్ పేపర్ లోపలి అట్ట గొట్టంతో తోశా. తర్వాత మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, టూత్ బ్రష్‌కి కూడా ఈకలే.

అక్టోబర్ మొదట్లో స్టోన్ మౌంటెన్ స్టేట్ పార్క్‌కి వెళ్ళా. నార్త్ కరోలినాదే, ఐ-77 హైవే ఎక్కి ఎల్కిన్ దాటాక రోరింగ్ గ్యాప్ వైపు. చోటు మాత్రం ఫ్యామిలీకి చాలా బావుంటుంది, 600 అడుగుల ఒకే గ్రానైట్ బండ, బోర్లించిన కుండలా, కింద హచిన్సన్ కుటుంబం వాళ్ళ పాతకాలపు ఇల్లు, అవతల 200 అడుగుల జలపాతం, దానికి మెట్లు మెట్లు మెట్లు. క్యాంప్‌గ్రౌండ్‌లో వేడినీళ్ళ షవర్ ఉంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదొక్కటే చాలు. చెట్లకి తాడు కట్టేముందు ఆఫీసులో అడగండి, ఒక్కో పార్క్‌ది ఒక్కో రూలు, వెడల్పు పట్టీలు లేకుండా అయితే అసలు కట్టకండి, బెరడు తెగుతుంది.

రాత్రి 42 ఫారెన్‌హీట్, అంటే 5, 6 సెల్సియస్. పెద్ద చలేం కాదు. అయినా మూడింటికి మెలకువ వచ్చేసింది, వీపు కింద ఎవరో తడి గుడ్డ పెట్టినట్టు. మొదట అనుమానం డౌన్ మీదకి పోలేదు, వేలాడదీయడం మీదకి పోయింది, ఎందుకంటే చెయ్యి పెట్టి చూస్తే బొంతకీ హామక్‌కీ మధ్య వేలు దూరేంత సందు. ఎలాస్టిక్ తాడు బిగించా. నడుం దగ్గర వెంటనే వెచ్చబడింది, మరీ బిగిస్తే డౌన్ నలుగుతుందని కొంచెం వదిలా కూడా. కానీ భుజాల దగ్గర అలాగే చల్లగా ఉంది. పొద్దున బొంతని రెండు చెట్ల మధ్య ఎండకి అడ్డంగా కట్టి చూస్తే తెలిసింది, భుజాల వైపు వెలుతురు అవతల నుంచి కనిపిస్తోంది, డౌన్ అంతా జారి నడుం కింద, పల్లంలో చేరింది. (కుట్టేవాళ్ళు ఈ టెస్ట్ ఇంట్లోనే కిటికీ దగ్గర చేసుకోండి, నాలాగా అంత దూరం వెళ్ళి కాదు.)

అంటే 225 గ్రాములు తప్పు లెక్క కాదు, అది గది అంతా సమానంగా, పొడిగా, కదలకుండా ఉన్నప్పటి లెక్క. ఫిల్ పవర్ కొలిచేది ల్యాబ్‌లో, డౌన్‌ని పద్ధతిగా ఉబ్బించి. అడవిలో మంచు, మన చెమట, సంచిలో కుక్కి తేవడం, ఇవన్నీ కలిసి 800 ని 800 లా ఉండనివ్వవు. 700 అనుకుని లెక్కేసినా 257 గ్రాములు వస్తుంది. పైగా బొంత కింద వేలాడుతుంది కాబట్టి డౌన్ తక్కువైతే బరువుకి బయటి గుడ్డ మీదే పడుంటుంది, మన వీపు వైపు ఖాళీ. గది నిండా ఉంటే జారడానికి చోటే ఉండదు. అమ్మ చెప్పింది ఇదే, ఇంగ్లీష్‌లో ఓవర్‌స్టఫ్ అని ఇరవై నుంచి ముప్ఫై శాతం ఎక్కువ వెయ్యమంటారు, అమ్మ గలీబు అంది అంతే తేడా.

నేను 12 ఔన్సులు కొన్నా కాబట్టి మిగిలి ఉంది. కుట్లు విప్పి 65 గ్రాములు కలిపా, మొత్తం 290. మధ్య నాలుగు గదులకి నలభై చొప్పున, అంచు నాలుగింటికి 32, 33, ఎందుకంటే అంచుల్లో వీపు ఆనదు. ఇంకా ఎక్కువ వెయ్యొచ్చుగా అంటారేమో, వెయ్యొచ్చు, కానీ నా జాలీ గోడ ఎత్తు 2 అంగుళాలే, ఒక హద్దు దాటాక గట్టిపడుతుంది తప్ప మందం పెద్దగా పెరగదు. ఎక్కువ చలికి వెళ్ళాలంటే గోడే ఎత్తు కుట్టాలి. ఒక్క పని మాత్రం మొదట్లోనే సరిగ్గా చేశా, బయటి గుడ్డ లోపలి దానికంటే మూడు అంగుళాలు వెడల్పు, లేకపోతే నేను పడుకోగానే ఈ డౌన్ కూడా నలిగిపోయేది.

నవంబర్ మొదటి వారం గ్రేసన్ హైలాండ్స్, వర్జీనియా. స్పార్టా, ఇండిపెండెన్స్ మీదుగా. రాత్రి ఉండేవాళ్ళ కార్లకి పార్కింగ్ వేరే, పగటి పార్కింగ్ అయిన మ్యాసీ గ్యాప్‌లో వదిలెయ్యకూడదు, డబ్బులు కట్టి పేరు రాసి వెళ్ళాలి. మ్యాసీ గ్యాప్ నుంచి అపలాచియన్ ట్రెయిల్ అనే పొడుగాటి కాలిబాట మీద, నడిచేవాళ్ళు రాత్రి తలదాచుకునే థామస్ నాబ్ షెల్టర్ వైపు దాదాపు నాలుగు మైళ్ళు. మొదట్లో చెప్పిన పొట్టి గుర్రాలు ఇక్కడ 1975 నుంచి ఉన్నాయి, కొండ మీద పొదలు పెరిగిపోకుండా ఫారెస్ట్ వాళ్ళు వదిలారు. ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు, కానీ వాటికి ఆ రూల్ తెలీదుగా, ఒకటి వచ్చి నా సంచి పట్టీ చెమట ఉప్పు కోసం నాకుతూ నిలబడింది.

హామక్ వాళ్ళకి ఈ చోటుతో చిక్కుంది. ఫోటోల్లో కనిపించే విల్బర్న్ రిడ్జ్ అంతా బోడి గడ్డి, బండలు, కట్టడానికి చెట్టే లేదు. పైకి, మౌంట్ రోజర్స్ వైపు వెళ్తే స్ప్రూస్ చెట్లు దొరుకుతాయి, షెల్టర్ చుట్టుపక్కల. వీకెండ్ అయితే అక్కడ తిరుపతి క్యూ కాంప్లెక్సే, నేను బుధవారం వెళ్ళా కాబట్టి సరిపోయింది. మౌంట్ రోజర్స్ శిఖరం 5729 అడుగులు, వర్జీనియాలో అన్నిటికంటే ఎత్తు, పైకి వెళ్తే చూడ్డానికి ఏమీ లేదు, చుట్టూ చెట్లే. చలి ట్రిప్‌లో టైం మిగిలితేనే వెళ్ళండి.

రాత్రి 27 ఫారెన్‌హీట్‌కి దిగింది, మైనస్ మూడు, గాలి కూడా. హామక్ పైన కప్పే పట్టా, టార్ప్, గాలి వైపు నేల దాకా దించి కట్టా. ఐదింటి వరకు ఒక్కసారి కూడా భుజం చల్లబడలేదు. ముక్కు తప్ప. తాడు బిగింపు ఈసారి పడుకున్నాకే సరిచూసుకున్నా, అది కూడా కలిసొచ్చింది కాబట్టి అంతా 65 గ్రాముల పుణ్యమే అనను. 20 ఫారెన్‌హీట్‌కి మాత్రం ఇదే బొంతతో వెళ్ళను, ఎవరైనా వెళ్తానన్నా వద్దంటా.

రెండో రాత్రి వాన చెప్పారు, డౌన్ తడిస్తే గుప్పెడంత ముద్ద అవుతుంది, అందుకని దిగిపోయి ఐ-77 దగ్గర ఒక చిన్న మోటెల్ తీసుకున్నా. రూంలో సిగరెట్ వాసన, మార్చమంటే ఖాళీ లేదన్నారు, డబ్బులు వెనక్కి రావన్నారు. నడిపేది గుజరాతీ ఆంటీ, తిట్టుకుంటూ కూర్చుంటే అల్లం టీ పంపింది, అంతటితో రివ్యూ రాయాలన్న కోపం పోయింది. బొంతని షవర్ రాడ్ మీద ఆరేశా, పొద్దునకి బాగా ఉబ్బింది.

ఇంకో 50 గ్రాములు మిగిలింది. కాళ్ళ వైపు వేద్దామని దాచా, అమ్మ ఈలోపు మనవడికి చిన్న దిండు కుట్టేసింది, లెక్కకంటే ఎక్కువే కూరి.