ఒకే ఆర్డరు, తొమ్మిది ఇళ్లు: ఉదయగిరి గరిటెలు బంధువులకు చేరిన తీరు

నెల్లూరులో మా నాన్నగారి షష్టిపూర్తికి రాలేకపోయిన తొమ్మిది కుటుంబాలకు ఉదయగిరి చెక్క గరిటెల సెట్లు పంపాలని ఇంట్లో అందరం అనుకున్నాము. వాటిని నేనే కొని, అట్టపెట్టెల్లో సర్ది, తొమ్మిది చిరునామాలు రాసి పోస్టాఫీసు వరుసలో నిలబడే ఓపిక లేక, ఒకే ఆర్డరులో వేర్వేరు చిరునామాలకు పంపుతామని ప్రకటించిన ఒక హస్తకళల ఆన్‌లైన్ దుకాణాన్ని ఆశ్రయించాను. నిర్వాహకుల పేరు చెప్పదలచుకోలేదు కానీ, ఇలాంటి సదుపాయం వాడదలచినవారికి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

ముందుగా సరుకు గురించి రెండు మాటలు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గరిటెల పనితనానికి వంక పెట్టడానికి లేదు. నునుపు, పట్టు, తూకం అన్నీ బాగున్నాయి. మా ఊరికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో తయారైన గరిటె విజయవాడ గిడ్డంగికి వెళ్లి, మళ్లీ మా కావలి మేనత్త ఇంటికి రావడం మాత్రం కొంత నవ్వు తెప్పించింది.

కార్ట్‌లో తొమ్మిది సెట్లు వేసిన తరువాత ఒక్కొక్క సెట్టుకు ఎదురుగా ఒక్కొక్క చిరునామా ఎంచుకోవచ్చు. ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే పేరు దగ్గర ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులు పెట్టడం వల్ల, ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల పేర్లన్నీ చీటీల మీద తలకిందులయ్యాయి. పొదిలి దగ్గరి పల్లెలో ఉండే మా చిన్నాన్నగారి ఇంటికి గుర్తు రామాలయం వెనుక వీధి. చిరునామా గడిలో అక్షరాల పరిమితి ఉండడంతో ఆ మాట రామాలయం దగ్గరే తెగిపోయింది. శుభాకాంక్షలు తెలుగులో రాస్తే కార్డు మీద అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు అచ్చయ్యాయి. తెలుగునేల వస్తువులు అమ్మే దుకాణంలో ఇది క్షమించదగిన లోపంగా నాకు తోచలేదు.

సెట్టు 450 రూపాయలు. వెయ్యి దాటితే రవాణా ఉచితమని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, చిరునామాలను విడదీయగానే ఒక్కొక్క ఇంటికి 65 చొప్పున 585 రూపాయలు కలిసి మొత్తం 4,635 అయింది. తొమ్మిది చోట్లకు తొమ్మిది పార్శిళ్లు వెళ్తున్నప్పుడు రుసుము అడగడం న్యాయమే. ఆ సంగతి చెల్లింపు పేజీకి ముందే చెప్పకపోవడమే న్యాయం కాదు. బిల్లులు కూడా తొమ్మిది వచ్చాయి. కావలి, ఒంగోలు, కనిగిరి, మార్కాపురం, పొదిలి బిల్లుల్లో పన్ను కేంద్రానికీ రాష్ట్రానికీ సగం సగంగా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల బిల్లుల్లో ఐజీఎస్టీగా (ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే సరుకు మీద వేసే పన్నుగా) ఉండడం చూసి పొరపాటేమో అనుకున్నాను. కాదు. జీఎస్టీ నమోదు లేని నాలాంటి కొనుగోలుదారు చిరునామా వేరైనా, సరుకు చేరే చోటును బట్టే పన్ను లెక్కించాలని 2024 జూన్‌లో పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. మనం కట్టే మొత్తంలో తేడా ఉండదు.

కానుక అని గుర్తు పెట్టినందువల్ల పెట్టెలో బిల్లు ఉంచలేదు. అడుగున గరిష్ఠ చిల్లర ధర మాత్రం ఉంది. ప్యాక్ చేసిన సరుకు మీద దాన్ని ముద్రించాలన్నది చట్టం కాబట్టి దుకాణాన్ని తప్పుపట్టలేను.

అసలు ఇబ్బంది అందజేతలో వచ్చింది. తీసుకునేవారి ఫోన్ నంబర్లన్నీ అడిగి తీసుకుని కూడా, ఓటీపీని మాత్రం కొన్న నా నంబరుకే పంపారు. బెంగళూరులో కొరియర్ కుర్రవాడు గేటు దగ్గర నిలబడిన సమయంలో నేను బ్యాంకులో ఫోన్ సంచిలో పెట్టుకుని ఉన్నాను. పార్శిల్ వెనక్కు వెళ్లి మరునాడు మళ్లీ వచ్చింది. ఇంతకంటే బాధ కలిగించినది మరొకటి. ఓటీపీకి పనికిరాని ఆ నంబర్లు ప్రకటనలకు పనికొచ్చాయి. వారం తిరగకుండానే కావలి మేనత్త ఫోన్ చేసి, “ఏం నాయనా, పంపిన గరిటెలు చాలవన్నట్టు ఎవరో ఇంకా కొనమని మెసేజీలు పెడుతున్నారే?” అని అడిగారు. ఫిర్యాదు చేస్తే ఆవిడ నంబరు తొలగించారు. మిగిలిన ఎనిమిదింటికీ నేను విడిగా అడగవలసి వచ్చింది.

మెచ్చుకోవలసినది కూడా ఉంది. ఒక్కొక్క పార్శిల్‌కు విడి ట్రాకింగ్ నంబరు ఇచ్చారు. కొరియర్ వెళ్లని పల్లెకు వాళ్లంతట వాళ్లే స్పీడ్ పోస్టులో పంపారు. తెగిపోయిన చిరునామాతోనే, ఎనిమిదో రోజున, ఊరెరిగిన పోస్ట్‌మ్యాన్ దాన్ని చిన్నాన్నగారి చేతికిచ్చాడు. హైదరాబాదులో ఒక ఇంట గరిటె విరిగి వస్తే మొదట మొత్తం ఆర్డరు వెనక్కు పంపమన్నారు కానీ, ఫోటో పంపి గట్టిగా మాట్లాడిన తరువాత ఆ ఒక్క సెట్టే మార్చి ఇచ్చారు.

అయిదుకు మూడు మార్కులు ఇస్తాను. ఓటీపీ ఎవరి నంబరుకు వెళ్తుందో డబ్బు కట్టకముందే ఫోన్ చేసి అడగండి. కార్డును ఖాళీగా పంపమని, శుభాకాంక్షలు మీరే ఫోనులో చెప్పండి.