కోరాపుట్ కొండల్లో ఫోటోల బ్యాకప్: క్లౌడా, ఎస్‌ఎస్‌డీనా?

ఒడిశాలోని జయపురం, కోరాపుట్ వైపు కెమెరాతో వెళ్లేవాళ్లను ఎప్పుడూ వేధించే ప్రశ్న ఇది: తీసిన ఫోటోల కాపీని క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచాలా, లేక ఎస్‌ఎస్‌డీలో, అంటే జేబులో పట్టే చిన్న స్టోరేజ్ డ్రైవ్‌లో దాచాలా?

ఖర్చు: గూగుల్ ఫొటోస్‌లో 15 జీబీ ఉచితం, కానీ జీమెయిల్, డ్రైవ్ కూడా అందులోనే సర్దుకోవాలి. ఎస్‌ఎస్‌డీకి ఒకేసారి కొన్ని వేలు పెట్టాలి, నెలనెలా కట్టేదేమీ ఉండదు.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. 1,672 మీటర్ల దేవమాలి శిఖరం మీద పొద్దున్నే తీసిన రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయకుండా దాచే పెద్ద ఫోటో ఫైళ్లు) ఒక్కోటి 25 ఎంబీ అనుకోండి. 200 ఫోటోలంటే 5 జీబీ. అప్‌లోడ్ స్పీడ్ 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) ఉంటే ఐదున్నర గంటలు పడుతుంది, అదీ సిగ్నల్ మధ్యలో పోకుండా ఉంటే. ఎస్‌ఎస్‌డీలోకి కార్డ్ రీడర్‌తో నిమిషాల్లో అయిపోతుంది. కాపీ అయ్యాక నాలుగైదు ఫోటోలు తెరిచి, జూమ్ చేసి చూడండి. అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

రిస్క్: బ్యాగు పోతే ఎస్‌ఎస్‌డీ కూడా పోతుంది, అందుకే దాన్ని కెమెరా బ్యాగులో పెట్టకండి, ఒంటి మీదే ఉంచుకోండి. క్లౌడ్‌కి దొంగల భయం లేదు. కాకపోతే ఫోన్‌లో జాగా కోసం ఫొటోస్ యాప్‌లో డిలీట్ కొడితే క్లౌడ్‌లోదీ పోతుంది. ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది.

ఫోన్‌తోనే తీస్తూ, మంచి వైఫై ఉన్న లాడ్జిలో దిగితే క్లౌడ్ చాలు. కెమెరాతో రెండు మూడు రోజులు దుడుమ జలపాతం, గుప్తేశ్వరం తిరిగేవాళ్లు ఎస్‌ఎస్‌డీ కొనండి. జయపురం చేరాక, మళ్లీ తీయలేని ఫోటోలు మాత్రం ఏరి ఆ రాత్రే క్లౌడ్‌లోకి ఎక్కించండి.