తైపీలో చైనా కొండల పటాలు: ఏజెంటు మాట నమ్మి వెళ్లకండి

చైనా చిత్రకారుడు గువో షీ 1072లో వేసిన కొండల బొమ్మ ‘తొలి వసంతం’ చూపిస్తామని మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెంటు కాగితం మొదటి పేజీలోనే అచ్చు వేశాడు. తీరా తైపీ నేషనల్ ప్యాలెస్ మ్యూజియానికి వెళ్తే ఆ పటం బయట లేదు. మ్యూజియాన్ని అనడానికి వీల్లేదు. పట్టు మీద వేసిన బొమ్మ అది. వెలుతురు తగిలేకొద్దీ పట్టు నల్లబారి పెళుసెక్కుతుంది. అందుకే ఇలాంటి అపురూపమైన పటాలను విడతకు ఆరు వారాల పాటు పెట్టి, మళ్లీ ఏళ్ల తరబడి తీయరు. ఏ పటం ఏ గదిలో, ఏ తేదీ దాకా ఉంటుందో మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ పేజీ తెరిచి చూడని మనిషి మన దగ్గర డబ్బు తీసుకోవడం మోసమే. మీరు మాత్రం విమానం టికెట్టు కొనకముందే చూసుకోండి.

బస, తిండి బాగానే జరిగాయి.

బావగారు రెండో అంతస్తులోని చిత్రాల గదులన్నీ ముఖం ముడుచుకునే తిరిగారు. ఆయన్ని నిలబెట్టేసింది చైనా దక్షిణ సాంగ్ రాజవంశపు ఆస్థాన చిత్రకారుడు మా యువాన్ వేసిన ‘వసంతంలో కొండదారి’. చిన్న పుట: ఎత్తు 27.4 సెంటీమీటర్లు, వెడల్పు 43.1. పైన కుడి మూల రెండు పద్యపాదాలున్నాయి, నింగ్‌జోంగ్ చక్రవర్తి రాసినవని చెబుతారు. అంగీ చేతులు తగిలి అడవిపూలు తమంతట తామే ఆడుతున్నాయనీ, మనిషి అలికిడికి తప్పుకునే పిట్టలు కూత పూర్తి చేయడం లేదనీ వాటి భావం. ముందు ఇది తెలుసుకుని అప్పుడు బొమ్మ చూడాలి. ఎడమవైపు విల్లో చెట్టు దగ్గర పండితుడు, వెనకాల తంత్రీవాద్యం మోసుకొస్తున్న కుర్రాడు. ఒక పిట్ట కొమ్మ మీద, ఇంకొకటి గాల్లో. కుడి సగం దాదాపు ఖాళీ. పద్యం తెలియనివాళ్లకు అక్కడ ఏమీ లేదు. తెలిసినవాళ్లకు సగంలో ఆగిన కూత అక్కడే ఉంది. ఈ ఒక్క పుట కోసం తైపీ వెళ్లొచ్చు.

పటం మీద పద్యం కనిపించగానే బొమ్మ దాన్నుంచే పుట్టిందనుకోవద్దు. ‘తొలి వసంతం’ మీదున్న పద్యం ఛియెన్‌లాంగ్ చక్రవర్తి 1759లో చేర్చింది. చుట్టి దాచే పొడవాటి పటాల్ని కుడి నుంచి ఎడమకు చూడండి. ఎడమ నుంచి మొదలుపెడితే బొమ్మకంటే ముందు తర్వాతివాళ్లు రాసిన వ్యాఖ్యలే ఎదురవుతాయి. చిత్రకారుడు వూ యువాన్‌ఝి ‘ఎర్ర కొండ’ ప్రదర్శనలో ఉంటే, 1082లో కవి సు షీ ప్రవాసంలో ఆ కొండ కింద పడవ ప్రయాణం గురించి రాసిన రచన అనువాదం చదువుకుని వెళ్లండి. అప్పుడే అంత కొండ కింద అంత చిన్న పడవ ఎందుకుందో తెలుస్తుంది.

గదుల్లో వెలుతురు తక్కువ, అద్దాలు అడ్డం. దగ్గరి దూరానికి ఫోకస్ అయ్యే చిన్న బైనాక్యులర్ పనికొస్తుంది. ఫ్లాష్ వాడనివ్వరు. విదేశీయులకు టికెట్టు 350 తైవాన్ డాలర్లు. షిలిన్ మెట్రో స్టేషన్ దగ్గర రెడ్ 30 బస్సు ఎక్కితే మ్యూజియం గుమ్మం దగ్గరే దింపుతుంది, 15 డాలర్లు. టాక్సీ అక్కర్లేదు. సోమవారం సెలవు.