అమ్మతో అరకు: అద్దాల బోగీ, బొంగు చికెన్, ఒక రాత్రి బస

అరకుకి ఒక్కరోజు టూరు పెట్టుకోకండి. పొద్దున్న రైల్లో ఎక్కించి, పదకొండు నుంచి సాయంత్రం దాకా వ్యానులో అన్నీ తిప్పేసి, చీకటి పడ్డాక ఘాట్‌రోడ్డు దింపే ప్యాకేజీలు విశాఖలో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. అలా వెళితే అరకు అంటే ఊళ్లోని దుకాణాల వరసే అనిపిస్తుంది. అసలు అందం పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది మధ్యలో ఉంటుంది. మంచు ఇంకా విడవదు, పొలాల గట్ల మీద పశువులు, కట్టెల మోపులతో నడిచే ఆడవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఆ మూడు గంటల కోసమైనా రాత్రి అక్కడ పడుకోవాలి.

మాది కాకినాడ. నవంబరు చివర్లో అమ్మనీ, మా అబ్బాయినీ తీసుకుని వెళ్లాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని ప్రతిచోటా మెట్లెన్ని, కూర్చోవడానికి ఎక్కడుంది అన్నదే నా మొదటి లెక్క. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇదే ఉపయోగపడుతుందని రాస్తున్నా.

ముందు రైలు. పొద్దున్న ఏడు లోపే విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజరుకి 2017 నుంచి విస్టాడోమ్ బోగీ తగిలిస్తున్నారు. పైకప్పుకీ అద్దాలే, సీట్లు చుట్టూ తిరుగుతాయి, మొత్తం 44 సీట్లు. శీతాకాలంలో శని, ఆదివారాలకి ముందుగా రిజర్వ్ చేయకపోతే దొరకవు. అమ్మ కాళ్లు చాపుకుని హాయిగా కూర్చుంది, ఆవిడ వరకు పెట్టిన డబ్బులకి న్యాయం జరిగింది. కానీ అద్దాలు తెరుచుకోవు, ఏసీ. ఎస్.కోట (శృంగవరపుకోట), బొడ్డవర దాటి రైలు కొండెక్కుతుంటే ఆ చలిగాలి మొహానికి కొట్టాలన్నా, సొరంగం రాగానే బోగీ బోగీ అంతా ఈలలేసి కేకలు పెట్టడం వినాలన్నా మామూలు బోగీలో కిటికీ పక్క సీటే. కుర్రాళ్లకి నేను అదే చెబుతాను. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు కూర్చోండి, లోయ ఎక్కువగా అటే కనిపిస్తుంది. దారిలో 50కి పైగా సొరంగాలు వస్తాయి. చిమిడిపల్లి దాటాక కళ్లు మూయొద్దు.

ఈ లైను వేసింది మనలాంటి యాత్రికుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. ఇప్పటికీ ఆ గూడ్సులు తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి తిరుగు రైలు టైముని నమ్ముకుని విశాఖలో అదే రాత్రికి ఇంకో రైలు రిజర్వ్ చేసుకోవద్దు. మేము పైకి రైల్లో వెళ్లి, మర్నాడు కారు మాట్లాడుకుని రోడ్డు మీదుగా దిగాం. పెద్దవాళ్లుంటే ఇదే మంచి పద్ధతి, నచ్చినచోట ఆగొచ్చు. చాలామంది వెళ్లేటప్పుడే బొర్రా గుహలు స్టేషన్లో దిగిపోతారు. సామాన్లు మోసుకుంటూ గుహలు చూడడం కష్టం. కారులో కొండ దిగేటప్పుడైతే సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి, బొర్రా అన్నీ దారిలో తగులుతాయి.

మేము దిగిన లాడ్జి పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది గాని వేణ్నీళ్లు పొద్దున్న ఒక్క గంటే, అదీ బకెట్‌తో తెచ్చుకోవాలి. గది తీసుకునే ముందు గీజరు ఉందా, అదనంగా దుప్పట్లు ఇస్తారా అని అడగండి. డిసెంబరు, జనవరి చలి మన గోదావరి జిల్లాల చలిలా ఉండదు, పెద్దవాళ్లకి స్వెట్టరూ మంకీక్యాపూ తప్పనిసరి. చేతిలో నగదు ఉంచుకోండి, ఊరు దాటితే సిగ్నల్ పోతుంది, ఫోన్‌పే పనిచేయదు.

మర్నాడు పొద్దున్న వలిసె పూల పొలాలకి వెళ్లాం. కొండ వాలంతా పసుపు. అది నూనెగింజల పంట, ఒక కుటుంబానికి ఏడాది ఆధారం. ఫొటోల కోసం మొక్కలు తొక్కుకుంటూ మధ్యలోకి వెళ్లేవాళ్లని చూస్తే బాధేసింది. కొన్నిచోట్ల రైతులు మనిషికింత అని తీసుకుంటున్నారు. బేరమాడకుండా ఇవ్వండి, గట్టు మీదే నిలబడండి. ఈ పూలు నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఉంటాయి.

తిండి సంగతికొస్తే, బొంగు చికెన్ తినకుండా రావద్దు. అయితే ఎదురుగా కాల్చే చోటే తినండి. మేము తిన్న బండి దగ్గర ఒకావిడ పచ్చి వెదురు బొంగులోకి ఉప్పూకారం, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉంది. చుక్క నూనె వేయలేదు. బొంగు పైన నల్లబడి, మూతి దగ్గర ఆవిరి బుసబుసలాడాక విస్తరాకులోకి గుమ్మరించింది. ముక్క మెత్తగా ఉడికి, వెదురు పచ్చివాసన సన్నగా పట్టి ఉంది. అమ్మ ముక్క ముట్టదు, ఆవిడ పక్కనే కాల్చిన జొన్నపొత్తు తింది. బొంగు పచ్చగా ఉందో లేదో చూడండి. ఎండిన బొంగులో ఆ రుచి రాదు.

కాఫీ కోసం సుంకరమెట్ట తోటల దగ్గర ఆగండి. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు, అప్పుడే ఎర్రబడుతున్న కాఫీ పళ్లు. మావాడు తోటమాలిని అడిగి ఒక పండు చప్పరించాడు, తియ్యగా ఉందన్నాడు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కొనేటప్పుడు చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) కలిపిందా, లేదా అడగండి. గిరిజన సహకార సంస్థ దుకాణంలో పొడి, మిరియాలు, తేనె నమ్మకంగా తీసుకోవచ్చు.

బొర్రా గుహల్లో మెట్లు చాలా. చెమ్మకి జారుడుగా ఉంటాయి, పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. అమ్మ సగం దాకా దిగి, ఆ పెద్ద గది లాంటి చోట కూర్చుండిపోయింది. అక్కడి నుంచే సున్నపురాయి ధారలు కట్టినట్టు వేలాడుతుంటే తల ఎత్తి చూస్తూ, మేము లోపలి శివలింగం దాకా వెళ్లొచ్చేవరకూ కదల్లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడిదాకా దిగినా చాలు, పూర్తిగా మానుకోనక్కర్లేదు. బయట కోతులు చేతిలో సంచీ ఉంచనివ్వవు.

పద్మాపురం తోట పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు. గిరిజన మ్యూజియానికి మాత్రం గంట కేటాయించండి, పనిముట్లు, నగలు, థింసా నాట్యం బొమ్మలు బాగున్నాయి. డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి వాగు నీళ్లలో పాచిపట్టిన బండల మీదికి పిల్లల్ని వదలొద్దు. దిగేటప్పుడు ఘాట్‌లో వాంతులయ్యేవాళ్లు బొర్రా దగ్గర భోజనం కొద్దిగానే తిని, కారులో ముందు సీటు తీసుకోవాలి. మేము మధ్యాహ్నం మూడింటికి బొర్రాలో బయల్దేరి, వెలుతురు ఉండగానే ఎస్.కోట చేరిపోయాం.