సర్కారు తుమ్మ బొగ్గుతో కొలిమి అతుకులు: మూడేళ్ల వాడకం తర్వాత

కొలిమి అతుక్కి, అంటే రెండు ఇనుప ముక్కలను బాగా కాల్చి సమ్మెటతో కొట్టి ఒకటిగా కలపడానికి, ఏ బొగ్గు వాడాలని అడిగితే ఇప్పటికీ నా మొదటి మాట సర్కారు తుమ్మ కట్టె బొగ్గే. గొడ్డళ్లకు, కత్తులకు, నాగలి కర్రులకు ఉక్కు వేయడానికి మూడేళ్లుగా అదే పోస్తున్నాను. దాని మీద ఇంత ఇష్టానికి కారణం ఒక్కటే, అతుకు శుభ్రంగా పడుతుంది. ఇనుము మధ్యలో ఉక్కు పెట్టి అతికిన గొడ్డలి నోటిని సానబట్టి చూడండి, రెండూ కలిసిన చోట నల్లటి గీత ఉండదు. పదును పెట్టడానికి ముంచినప్పుడు అక్కడ విచ్చుకోదు.

రాక్షసి బొగ్గుతో ఆ ధీమా ఉండదు. అందులోని గంధకం ఇనుములోకి దిగితే రెండూ కలిసి 988 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి. మెత్తని ఇనుము అతకాలంటే 1250 డిగ్రీల పైమాటే. పైకి గట్టిగా కనిపించే ముక్కలో రేణువుల మధ్య అప్పటికే ద్రవం ఉంటుంది కాబట్టి సమ్మెట పడగానే అతకాల్సింది పోయి బెల్లం గడ్డలా చిట్లుతుంది. మేఘాలయ బొగ్గు బూడిద తక్కువ, చూడ్డానికి నిగనిగలాడుతుంది, కానీ గంధకం ఎక్కువ. అతుకు పనికి దాన్ని దగ్గరికి రానివ్వను. సింగరేణి బొగ్గుతో ఇబ్బంది వేరు. అది కాలుతూ ముద్దకట్టే రకం కాదు, పని (కాల్చే ముక్క) చుట్టూ గూడులా నిలవదు, బూడిద మాత్రం బోలెడు. ముద్దకట్టే బొగ్గు ఝరియా వైపు నుంచి రావాలి. అది కూడా పొగంతా పోయి కోక్ అయ్యాకే అందులో పని పెట్టాలి.

కట్టె బొగ్గు వేడి చాలదనే మాట తరచూ వినిపిస్తుంది. ఒకప్పుడు తెలంగాణలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కాచినవాళ్లు వాడింది కట్టె బొగ్గే. చాలనిది వేడి కాదు, నిప్పు లోతు. గాలి గొట్టానికీ పనికీ మధ్య కనీసం 5 అంగుళాల నిప్పు, పని మీద మరో 3 అంగుళాల బొగ్గు ఉండాలి. అంతకన్నా పలచనైతే గొట్టంలోంచి వచ్చిన గాలి పూర్తిగా ఖర్చు కాకుండానే పనిని తాకి నల్లటి పెచ్చు కట్టిస్తుంది. అతుకు మీద చల్లే వెలిగారం (బోరాక్స్) ఆ పెచ్చును కొంతవరకే కరిగించగలదు. బొగ్గు ముక్క ఉసిరికాయంత నుంచి నిమ్మకాయంత. పెద్దవైతే సందుల్లోంచి గాలి దూరిపోతుంది, మరీ నలిగితే గాలి ఆడదు.

ఈ బొగ్గుకు చిట్టెం, అంటే నిప్పులో కరిగి గట్టిపడే గాజులాంటి ముద్ద, కట్టదని అడిగినవాళ్లందరికీ చెప్తూ వచ్చాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి.

వానలు మొదలయ్యాక వచ్చిన ఒక లోడుతో వరసగా అతుకులు తప్పాయి. మొదటి పావుగంట మంట బాగానే ఉంటుంది. ఆ తర్వాత బ్లోయర్ అదే జోరుతో తిరుగుతున్నా నడిమధ్య నిప్పు మసకబారి, అంచులు తెల్లగా మండుతాయి. పని ఒకవైపు పసుపు, ఇంకోవైపు నారింజ. నూనెలా పరుచుకోవాల్సిన వెలిగారం ఆకుపచ్చ గాజులా, జిగటగా అంటుకుని వస్తుంది. దెబ్బ వేస్తే ముప్పాతిక వంతు పట్టి, అంచున నోరు తెరుచుకుంటుంది. వెలిగారం మార్చినా, ఉక్కు మార్చినా అంతే. కొలిమి చల్లారాక చూస్తే గాలి గొట్టం నోటి కింద పిడికెడు గాజు ముద్ద. గాలి దాన్ని చుట్టుకుని పక్కలనుంచి పోతోంది, పెచ్చు కట్టింది అందుకే.

కట్టె బొగ్గు బూడిదలో సున్నం, పొటాష్ ఎక్కువ. అది ఒట్టి పొడి, తనంతట తాను ముద్దకట్టదు. ముద్దకట్టించింది మట్టి. బట్టీలో కట్టెలు పేర్చి, ఆకులు, మట్టి కప్పి కాలుస్తారు. ఎండాకాలంలో ఆ మట్టి పొడిగా రాలిపోతుంది. వానల్లో అది తడిసి బొగ్గు పగుళ్లలో ఇరుక్కుంటుంది. కొలిమిలో ఆ మట్టిలోని ఇసుకకు బూడిదలోని పొటాష్, పైనుంచి కారిన వెలిగారం తోడైతే తయారయ్యేది గాజే.

మందు పెద్ద కష్టం కాదు. అర అంగుళం కన్నుల జల్లెడ పట్టాలి. తర్వాత డ్రమ్ములో నీళ్లు పోసి, బొగ్గు వేసి కర్రతో నాలుగుసార్లు కలిపి, తేలుతుండగానే తీసేయాలి. మట్టి అడుక్కి పోతుంది. మంచి ఎండలో 3 రోజులు ఆరబెట్టాలి, తడి బొగ్గు వేడిని తన నీటిని ఆవిరి చేసుకోవడానికే తినేస్తుంది. కొనేటప్పుడు రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడండి. బాగా కాలింది గణగణమంటుంది, విరిస్తే నల్లగా మెరుస్తుంది. లోపల గోధుమరంగు కనిపిస్తే సగమే కాలినట్టు, పొగ పెడుతుంది. పని మధ్యలోనే చిట్టెం కడితే నిప్పును కెలకొద్దు, కరిగిన ముద్ద అంతటా పాకుతుంది. గాలి ఆపి 2, 3 నిమిషాలు ఆగితే గట్టిపడుతుంది, కొక్కెంతో ఒకే ముక్కగా లేస్తుంది.

రవ్వల సంగతి కూడా ముందే చెప్పి ఉండాల్సింది. కోక్‌లో పని నుంచి తెల్లటి రవ్వలు లేస్తే ఇనుము మాడటం మొదలైందని తెలుస్తుంది. తుమ్మ బొగ్గయితే తనే చిటపటలాడి రవ్వలు చిమ్ముతుంది, రవ్వలను నమ్మితే మోసపోతాం. ఎర్ర కాకలో వెలిగారం చల్లాలి, అది కూడా బాండీలో వేయించి, పొంగి ఆరాక దంచినది. పసుపు రంగు వచ్చాక గాలి సగానికి తగ్గించి ఒక నిమిషం లోపలిదాకా వేడి పట్టనివ్వాలి. పని మొహం కరిగిన నెయ్యి పూసినట్టు తడిగా మెరవాలి, సన్నని కమ్మీతో తాకితే అంటుకోవాలి. అక్కడినుంచి మొదటి దెబ్బకు 3, 4 సెకన్లే గడువు. దెబ్బలు తేలిగ్గా, నడుమ నుంచి అంచులకు పడితే కరిగిన వెలిగారం బయటికి చిమ్ముతుంది. లారీ కమాను పట్టీ ఉక్కు మెత్తని ఇనుముకన్నా తొందరగా మాడుతుంది, కాబట్టి దాన్ని ఇనుము మడతలో దాచే అతకాలి.

ఇదంతా నా కొలిమి తీరును బట్టి చెప్తున్న మాట. నాది ఆరుబయటి కొలిమి, పనులు చిన్నవి. ఒక గొడ్డలికి ఉక్కు వేసేసరికి 4, 5 కిలోల బొగ్గు ఖర్చవుతుంది, కోక్ అయితే అందులో సగం చాలు. కానీ కరెంటు పోయి బ్లోయర్ ఆగితే కోక్ కొద్ది నిమిషాల్లోనే నల్లబడుతుంది, తుమ్మ బొగ్గు నిప్పు అలాగే ఉంటుంది. పక్కన గడ్డివామి ఉన్నవాళ్లకు ఈ రవ్వలతో నేను సలహా ఇవ్వలేను. తలుపులు మూసిన షెడ్డులో అయితే విషవాయువు ప్రమాదం కాబట్టి అసలు వద్దు. బండి చక్రం పట్టాల్లాంటి వెడల్పు అతుకులకు నేనూ కోకే పోస్తాను, రెండు బస్తాలు ఎప్పుడూ ఉంచుకుంటాను. మిగతా పనికి కడిగి ఆరబెట్టిన తుమ్మ బొగ్గే. వానాకాలానికి సరిపడా మే నెలలోనే కొని రేకుల కింద పేర్చుకుంటున్నాను.